లంకె చీటీలు

తెలంగాణ గ్రామములలో 1984వ సంవత్సరము వఱకు పట్వారీలు ఉండిరి. పట్వారి యింటిలోని దస్త్రముల మూటను విప్పి చూచినవారికి మొదట అంతయు చిక్కుగా తోచెడిది. నక్షా వేఱు, సేత్వారు వేఱు, ఏటేట వ్రాయు పహాణీ వేఱు. నక్షాలో పొలము గీతలుగా నుండును. సేత్వారులో దాని విస్తీర్ణమును, పట్టాదారు పేరును ఉండును. ఆ యేడు ఎవరు సాగుచేసిరి, ఏ పంట వేసిరి అను సంగతి పహాణీలో నుండును. ఇన్ని పుస్తకములను ఒక్కటిగా కట్టి యుంచినది సర్వే నంబరు. పట్టాదారు మారవచ్చును, పంట మారవచ్చును, చేనికి జనులు పెట్టుకొన్న పేరును మారవచ్చును. నంబరు మాత్రము నిలిచి యుండును. పొలము రెండు ముక్కలైనప్పుడు సయితము ఆ నంబరును కొట్టివేయక దాని ప్రక్కన అక్షరము చేర్చి 112/అ, 112/ఆ అని వ్రాయుదురు. ఒక ముక్క చరిత్ర తెలియవలెనన్న నంబరును పట్టుకొని ఒక పుస్తకము నుండి మఱియొక పుస్తకమునకు పోవచ్చును.

విద్యార్థి వ్రాసికొను నోటు పుస్తకములకు ఇట్టి కట్టు లేదు. సాంఘిక శాస్త్రపు పుస్తకములో నిజాంసాగరమును గూర్చి ఒక పుట వ్రాయును. సామాన్య శాస్త్రపు పుస్తకములో చక్కెరను గూర్చి ఒక పుట వ్రాయును. తాత చెప్పిన ముచ్చట ఏదో రఫ్ పుస్తకము వెనుక అట్టపై నిలిచిపోవును. మూడును ఒకే సంగతికి చెందినవని ఆనాడు తోచియే యుండవచ్చును. సెలవులు గడచి పై తరగతికి పోయిన పిమ్మట, అట్లు తోచినదానిని పట్టి యుంచునది ఏదియు ఉండదు.

నిఘంటువులు కూర్చిన పండితులు ఈ చిక్కును ఎఱుగుదురు. ఒక మాట క్రింద అర్థము నంతయు మరల వ్రాయక, 'చూ.' అని పెట్టి మఱియొక మాటను చూపుట వారి పద్ధతి. 'ఇక్షువు' క్రింద 'చెఱకు చూ.' అని యున్న దనుకొందము. చదువరి పుటలు త్రిప్పి చెఱకు కడకు పోవును. కాని ఇది ఒకవైపు త్రోవ. ఇక్షువు చెఱకును ఎఱుగును గాని, తన్ను చూడుమని ఏయే మాటలు చెప్పినవో చెఱకు ఎఱుగదు. అది తెలియవలెనన్న నిఘంటువు నంతయు మొదటి నుండి తిరుగవేయవలెను.

జర్మనీ దేశమున నిక్లాస్ లూమన్ అను సమాజ శాస్త్రజ్ఞుడు ఉండెను. అతడు 1927లో జన్మించి 1998లో మరణించెను. ఆచార్య పదవికి రాకముందు కొంతకాలము ప్రభుత్వ కార్యాలయములలో ఉద్యోగము చేసినవాడు. అతడు చదివినదానిని, తనకు తోచినదానిని చిన్న చీటీలపై వ్రాసి చెక్క పెట్టెలలో ఉంచెడివాడు. ఒక చీటీకి ఒక భావము. ప్రతి చీటీకి ఒక సంఖ్య. ఒక భావమునుండి మఱియొకటి పుట్టినచో, సర్వే నంబరు చీలినట్లే, సంఖ్య ప్రక్కన అక్షరము చేర్చి క్రొత్త చీటీని పాత చీటీ వెనుక ఉంచెడివాడు. దూరమున నున్న చీటీతో సంబంధము తోచినప్పుడు దాని సంఖ్యను వ్రాసెడివాడు. ఇట్లు సుమారు 90,000 చీటీలు పోగుపడెను. ఆ పెట్టె తనకు సంభాషణలో తోడి భాగస్వామి వంటిదని అతడు 1981లో ఒక వ్యాసమున వివరించెను. ఇది వింత మాట వలె నుండును గాని, అందు అర్థము కలదు. పది యేండ్ల క్రింద తానే వ్రాసి మఱచినదానిని పెట్టె ఎదుటికి తెచ్చినచో, అది ఇతరుడు చెప్పినట్లే యుండును గదా!

కాగితపు చీటీలతో ఒక శ్రమ కలదు. మొదటి చీటీపై రెండవదాని సంఖ్య వ్రాసిన చాలదు. తిరిగి వచ్చుటకు రెండవదానిపై మొదటిదాని సంఖ్యను సయితము వ్రాయవలెను. ఒకటి మఱచినచో మరల ఒకవైపు త్రోవయే మిగులును. ఈ శ్రమను నేడు కంప్యూటరు తానే వహించుచున్నది.

కంప్యూటరులో అక్షరములను వ్రాయుటకు, దిద్దుటకు మాత్రమే యుపయోగపడు ప్రోగ్రామును టెక్స్ట్ ఎడిటర్ అందురు. అక్షరముల లావు, కాగితపు అంచులు దిద్ది అచ్చునకు సిద్ధపఱచుట దాని పని కాదు. ఇట్టివానిలో ఈమాక్స్ అనునది మిక్కిలి పాతది. 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలగువారు దీనికి అంకురార్పణ చేసిరి. నేడు వాడుకలో నున్న గ్నూ ఈమాక్స్ 1985 నుండి జనులకు లభించుచున్నది. దీనికి వెల లేదు. దీనిని ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు ఈయవచ్చును.

మార్చవచ్చును అను మాట ఇచ్చట ముఖ్యము. ఈమాక్స్ చేయు పనులలో అధిక భాగము లిస్ప్ అను భాషలో వ్రాయబడినది. లిస్పును 1958లో జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు కల్పించెను. ఈమాక్స్ వాడునది దానినుండి వచ్చిన ఒక శాఖ. ఆ వ్రాతను వాడువారు తెఱచి చదువవచ్చును. ఒక పద్ధతి నచ్చనిచో తన ఆరంభ పత్రములో, అనగా ఈమాక్స్ మేలుకొనగనే మొదట చదువు ఫైలులో, రెండు మూడు పంక్తులు వ్రాసి దానిని మార్చుకొనవచ్చును. అద్దె యింటిలో గోడకు మేకు కొట్టవలెనన్నను యజమానిని అడుగవలెను. ఇది సొంత యింటి వంటిది. కావలెనన్న గోడనే జరుపవచ్చును. ఐతే గోడ కూలినచో దానిని నిలుపుకొను భారమును ఇంటివారిదే.

ఈమాక్స్‌లో క్రమముగా నోట్సు వ్రాసికొనుటకు 2003లో కార్స్టెన్ డొమినిక్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆర్గ్ అను పద్ధతిని ఏర్పఱచెను. దానిపై 2020లో జెత్రో కువాన్ అను యువకుడు ఆర్గ్ రోమ్ అను మఱియొక అంతస్తును కట్టెను. లూమన్ చీటీల పెట్టెను కంప్యూటరులోనికి తెచ్చిన వానిలో ఇది యొకటి.

ఇది పనిచేయు తీరు కష్టమైనది కాదు. ప్రతి చీటీయు ఒక ఫోల్డరులోని సాధారణమైన ఫైలు. చీటీ పుట్టగనే యంత్రము దానికి ఒక పొడవైన గుర్తును ఇచ్చును. ఈ గుర్తు సర్వే నంబరు వంటిది. మఱి యే చీటీకిని అది రాదు. చీటీకి శీర్షిక వేఱుగా నుండును. ఒక చీటీనుండి మఱియొకదానికి లంకె వేసినప్పుడు, పైకి శీర్షిక కనబడినను లోపల నిలుచునది గుర్తు మాత్రమే. అందుచేత శీర్షికను తరువాత మార్చినను లంకె తెగదు. ఈ లంకెల నన్నిటిని యంత్రము ఒక పట్టికలో ఎక్కించుకొనును. ఏదేని చీటీ తెఱచి అడిగినచో, దానిని చూపు చీటీలు ఎవ్వియో, ఏ వాక్యమున చూపినవో ప్రక్కన వరుసగా కనబఱచును. వీనిని ఎదురు లంకెలు అనవచ్చును. నిఘంటువులోని 'చెఱకు' తన్ను చూడుమన్న మాటల నన్నిటిని తానే పిలిచి నిలిపినట్లు ఇది యుండును.

బోధను ప్రాంతపు విద్యార్థిని యొకతె తన ఊరి సంగతులను ఇట్లు వ్రాయ నారంభించిన దనుకొందము. మంజీరా నదిపై నిజాంసాగరము నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసెను. ఆ పనిని నడిపిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇది యొక చీటీ. కాలువ నీరు వచ్చిన పిమ్మట మెట్ట నేలలు మాగాణి యయ్యెను. కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతముల నుండి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి. బోధను, వర్ని, కోటగిరి ప్రాంతములలో 'క్యాంపు' అని ముగియు ఊరిపేర్లు ఆ రాకకు గుర్తులు. ఇది రెండవ చీటీ. బోధనులో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడెను. దాని చుట్టు ఏర్పడిన బస్తీ శక్కర్‌నగర్. ఇది మూడవది. కొట్టిన చెఱకును ఆలస్యము చేసిన కొలది అందలి చక్కెర తగ్గును గనుక సాధ్యమైనచో ఒక దినములోపల గానుగ కెక్కించవలెను. ఇది నాలుగవది. నాలుగవ చీటీ సామాన్య శాస్త్రమునకు చెందినది. మూడవది చరిత్రకు చెందినది. కాని చెఱకు పండు చోటనే ఫ్యాక్టరీ ఎందుకు కట్టిరి అను ప్రశ్నకు సమాధానము నాలుగవ చీటీలో నున్నది. జానకంపేటనుండి బోధనునకు రైలుదారి యున్నది. ఫ్యాక్టరీకిని ఆ దారికిని గల సంబంధ మెట్టిది? దీనికి ఇంకొక చీటీ కావలెను.

ఈ పని ఊరక వినోదము కాదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన ఆ ఫ్యాక్టరీలో 2002లో అధికమైన వాటా ప్రైవేటు సంస్థ చేతికి పోయెను. 2015 డిసెంబరులో పని నిలిచిపోయెను. చెఱకు తోటలు వరిమళ్ళుగా మాఱెను. ఫ్యాక్టరీ కూత విని కాలము తెలిసికొన్నవారు, బండ్ల వరుసలో రాత్రులు గడపినవారు, పాకము దించు అదను ఎఱిగినవారు వృద్ధులైరి. వారికి తెలిసినది ఏ పుస్తకములోను పూర్తిగా లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చెప్పుదురు. ముక్కలను కలిపి చూచినగాని సంగతి తెలియదు. అందుచేతనే ఇట్టి పనికి లంకెలు గల చీటీలు తగును. అందుచేతనే పరికరమును ఈ పనికి తగినట్లు దిద్దుకొనవలసి యున్నది.

మొదట దిద్దుకొనవలసినది మూస. క్రొత్త చీటీ తెఱచునప్పుడు ఆర్గ్ రోమ్ మామూలుగా శీర్షిక మాత్రము పెట్టి, తక్కినది ఖాళీగా విడుచును. పరిశోధకునికి అది చాలును. ఊరి సంగతులు కూర్చువారికి చాలదు. ఆరంభ పత్రములో మూసను మార్చి, చీటీ పుట్టగనే కొన్ని ప్రశ్నలు తామే ఎదుట నిలుచునట్లు చేయవచ్చును. ఊరు ఏది? చెప్పినవారు ఎవరు? ఏ తేదీన చెప్పిరి? చూచినదా, విన్నదా, చదివినదా? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటె విలువైనది. బోధనుకే ఉదాహరణ చూడవచ్చును. ప్రాచీన అస్మక జనపదమునకు రాజధాని యైన పోదనమే నేటి బోధనని పలువురు చరిత్రకారులు తలంచిరి. ఇది వారి అభిప్రాయము. ఫ్యాక్టరీ 1937లో ఏర్పడుట నమోదైన విషయము. రెండింటిని ఒకే తీరున వ్రాసి పెట్టినచో, అయిదేండ్ల తరువాత వ్రాసినవారికే ఏది యేదియో తెలియదు. మూసలో ఆ ప్రశ్న యుండుటచే చేయి వ్రాయుటకు ముందు ఒక క్షణము ఆగును.

మూసలు ఎన్నియైనను చేసికొనవచ్చును. పంటకు ఒకటి, మనిషి చెప్పిన ముచ్చటకు ఒకటి, పుస్తకమునకు ఒకటి. పంట మూసలో మొక్క తోటయా, కొట్టిన మోళ్ళనుండి పెరిగిన కార్శి తోటయా అను ప్రశ్న చేర్చవచ్చును. ఎఱ్ఱకుళ్ళు తెగులు సోకినదా అని అడుగవచ్చును. ఇట్టి ప్రశ్నలు అమెరికాలోనో ఐరోపాలోనో కూర్చుండి ప్రోగ్రాము వ్రాసినవారికి తోచవు. తోచవలె నని కోరుటయు న్యాయము కాదు. వారు మూస మార్చుకొను వీలు కల్పించిరి; ప్రశ్న ఎట్లుండవలెనో చెఱకు ఎఱిగినవారు నిర్ణయింపవలెను.

తరువాతిది తెలుగు వ్రాత. ఈమాక్స్‌లో తెలుగు వ్రాయుటకు రెండు పద్ధతులు మొదటినుండియే యుండును. ఇన్‌స్క్రిప్ట్ అను పద్ధతిలో ప్రతి మీటకు ఒక తెలుగు అక్షరము ఏర్పడియుండును. ఐట్రాన్స్ అను పద్ధతిలో ఆంగ్లాక్షరములతో ఉచ్చారణ వ్రాసినచో అది తెలుగుగా మాఱును. రెంటిలో నొకదానిని ఎన్నుకొని ఆరంభ పత్రములో పేర్కొన్నచో, మీటల జంట నొక్కగనే ఆంగ్లమునుండి తెలుగునకు, మరల ఆంగ్లమునకు మాఱవచ్చును.

తెలుగు అక్షరములు కుదిరినంత మాత్రమున పని ముగియలేదు. తెలుగు భాష స్వభావము వలన కొన్ని చిక్కులు వచ్చును. ఇవియే మిక్కిలి ఆలోచింపదగినవి. ఆంగ్లమున పేరు వేఱు, దాని ముందు వచ్చు విభక్తి మాట వేఱు. తెలుగులో విభక్తి ప్రత్యయము పేరునకే అతుకుకొనును: బోధనునకు, బోధనులో, బోధనువారు. పూర్తి పదమును మాత్రమే వెదకు యంత్రము 'బోధను' అను చోట ఆగును. 'బోధనునకు' అనుదానిని దాటిపోవును. ఆర్గ్ రోమ్‌లో, లంకె వేయకయే పేరు మాత్రము వ్రాసిన చోట్లను వెదకి చూపు విభాగము ఒకటి కలదు. కోరినవారు దానిని ప్రక్క పుటలో చేర్చుకొనవచ్చును. తెలుగు వ్రాయువారు దానిని మాత్రమే నమ్ముకొన రాదు. వ్రాయునప్పుడే లంకె వేయుట మేలు. లంకె లోపల నుండునది గుర్తు గనుక, పైకి కనబడు మాటకు ఏ విభక్తినైనను చేర్చవచ్చును. 'రైతులు బోధనునకు వచ్చిరి' అను వాక్యమున 'బోధనునకు' అను మాటయే లంకెగా నిలుచును. నొక్కినచో బోధను చీటీ తెఱచుకొనును. వాక్యమును విఱువ నక్కఱలేదు, వ్యాకరణమును చెఱుపనక్కఱలేదు.

పేర్ల చిక్కు ఇంకొకటి. నేటి నిజామాబాదు పూర్వనామము ఇందూరు. రైలు వచ్చిన పిదప 1905లో పేరు మాఱెను. వృద్ధులు నేటికిని ఇందూరందురు. ఒకే పట్టణమునకు రెండు చీటీలు పుట్టినచో లంకెలు రెండుగా చీలిపోవును. దీనికై చీటీ మొగమున మాఱుపేర్లు వ్రాయు చోటు కలదు. అచ్చట ఇందూరు అని చేర్చినచో ఏ పేరున వెదకినను ఒకే చీటీ వచ్చును. పట్టాదారు పేరు మాఱినను సర్వే నంబరు మాఱనట్లే ఇదియును.

మాఱుపేర్లు ఊర్లకు మాత్రమే గాక వర్ణక్రమమునకును కావలెను. చెఱకు అని బండి ఱ తో వ్రాయువారు కలరు. చెరకు అని వ్రాయువారు నేడు ఎక్కువ. మనిషికి రెండును ఒకటియే. యంత్రమునకు అవి వేఱువేఱు మాటలు. శక్కర్‌నగర్ వంటి పేర్లలో ఇంకను సూక్ష్మమైన చిక్కు దాగియున్నది. పొల్లు హల్లు తరువాత ఒత్తు పడకుండుటకై కంప్యూటరులో కంటికి కనబడని ఒక అక్షరమును చేర్చుదురు. ఒక చోట దానిని చేర్చి, ఇంకొక చోట దానికి బదులు ఖాళీ విడిచినచో, కంటికి దాదాపు ఒక్కటిగా కనబడు రెండు పేర్లు యంత్రమునకు రెండగును. వెదకిన చీటీ దొరకనప్పుడు తప్పు తనదో, యంత్రముదో తెలియక విసుగు కలుగును. పేరు టైపు చేయక, ఉన్న శీర్షికల పట్టికనుండి ఎన్నుకొను అలవాటు చేసికొన్నచో ఈ బాధ చాలవఱకు తప్పును.

మీటలను దిద్దుకొనుట, అక్షరముల పరిమాణము పెంచుకొనుట, దినచర్య చీటీలు పెట్టుకొనుట మొదలగునవి చిన్న పనులు, వలసినప్పుడు చేసికొనవచ్చును. వీనితోనే కాలము గడపువారును కలరు. ఈ దినము రంగు మార్చి, రేపు మీటలు మార్చి, ఎల్లుండి ఇంకొకరి ఆరంభ పత్రమును తెచ్చి అతికించి, నెల దినములలో పది చీటీలైనను వ్రాయరు. పొద్దంతయు కొడవలి నూఱుచు కూర్చున్నవాని చేను కోతకు రాదు. ముందు ఇరువది ముప్పది చీటీలు వ్రాసి, ఏది అడ్డు తగులుచున్నదో కనిపెట్టి, దానిని మాత్రమే దిద్దుకొనుట మంచిది. దిద్దిన ప్రతిసారి ఎందుకు దిద్దిరో ఆరంభ పత్రములోనే ఒక పంక్తి తెలుగున వ్రాసికొనవచ్చును. లిస్పు అట్టి పంక్తులను చదువక విడుచును, మనిషి చదువుకొనును.

చీటీలు సాధారణమైన అక్షరముల ఫైళ్ళుగా నుండుట వలన ఒక గొప్ప లాభము కలదు. ఆర్గ్ రోమ్ రేపు లేకపోయినను, ఈమాక్స్‌నే విడిచినను, ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనను వానిని తెఱచి చదువవచ్చును. లంకెల పట్టిక చెడినను భయము లేదు. దానిని తుడిచివేసి, చీటీలను మరల చదివి క్రొత్త పట్టిక కట్టుమని యంత్రమునకు చెప్పవచ్చును. లంకెలు చీటీలలోనే యున్నవి గదా. ఐతే చీటీల ఫోల్డరే పోయినచో కట్టుటకు ఏమియు ఉండదు. కావున వారమున కొకసారి దానిని వేఱొక చోట నకలు చేసి యుంచవలెను. వృద్ధులు నమ్మి చెప్పిన ఇంటి సంగతులు ఆ చీటీలలో నుండును గనుక, వారి యనుమతి లేక ఇతరులకు పంపరాదు.

కొన్ని నెలలు ఇట్లు వ్రాసిన పిమ్మట ఊహింపని చోట్ల లంకెలు కనబడును. నిజామాబాదు కోట అను చీటీ తెఱచినచో, ఒక ఎదురు లంకె రామాలయమునుండి వచ్చును, ఒకటి నిజాము కాలపు చెఱసాలనుండి వచ్చును. ఇంకొకటి తెలుగు వాచకపు చీటీనుండి వచ్చును. ఏలయన దాశరథి కృష్ణమాచార్యులు ఆ కోటలోనే బందీగా నుండి గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. మూడు పాఠ్యపుస్తకములలో దూరదూరముగా నున్న సంగతులు ఒక గుట్టమీద కలిసినవి.

ఖాళీ చీటీలును పనికివచ్చును. వ్రాయుచు పోవునప్పుడు ఇంకను లేని శీర్షికకు లంకె వేయ బూనినచో, యంత్రము అప్పుడే ఆ పేరుతో చీటీ నొకదానిని తెఱచును; శీర్షిక మాత్రము నిలిపి ముందుకు సాగవచ్చును. ఫ్యాక్టరీ కార్మికుల జీతములను గూర్చియు, శక్కర్‌నగర్ ఇండ్లను గూర్చియు, సీజను ముగిసిన పిదప పని దొరకని నెలలను గూర్చియు వ్రాసిన చీటీలన్నియు 'సీజను కూలీలు' అను పేరును చూపుచుండవచ్చును. ఆ చీటీ తెఱచినచో లోపల ఒక్క వాక్యమైనను ఉండదు. ప్రక్కన మాత్రము ఏడు ఎదురు లంకెలు నిలిచి యుండును. వచ్చు ఆదివారము ఎవరి యింటికి పోయి, ఏమి అడుగవలెనో ఆ విద్యార్థినికి అప్పుడు తెలియును.